తోడు ఇచ్చే ఇల్లు

మా కళాశాల వార్షిక సంచికను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మాకొక ముచ్చట కలుగుతుంది. కుడివైపు అట్ట తెరిస్తే ఉర్దూ రచనలు, ఎడమవైపు అట్ట తెరిస్తే తెలుగు రచనలు. రెండును రెండు దిక్కులనుండి బయలుదేరి నడుమ ఒకచోట కలుసుకుంటవి. పూర్వవిద్యార్థులుగా ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినారు. సాహిత్యం మా విద్య కాదు. సూక్ష్మజీవులతో కాలక్షేపం చేసినవారము గనుక, మా వృత్తిని గురించియే నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము. అందులో మా గొప్ప కన్న మా తప్పే ఎక్కువగా కనిపించవచ్చును. విద్యార్థులకు అదే ఎక్కువ ఉపయోగమని మా నమ్మకం.

మా బాల్యంలో మా వీధిలో తోడు అడిగితే లేదనే ఇల్లు ఉండేది కాదు. మా అమ్మ దానిని ‘తోడు’ అనేది. కడపనుండి వచ్చి స్థిరపడిన పక్కింటివారు ‘చేమిరి’ అనేవారు. ఎదురింటి ఖాలా ‘జామన్’ అనేది. పేర్లు మూడైనను వస్తువు ఒక్కటే. దీపాలు పెట్టిన తరువాత మాత్రం ఇవ్వరాదనేవారు. పగటిపూట ఎవరు గిన్నె చాపినా చెంచాడు పెరుగు అందులో పడేది. ఆ చెంచాడులో కోట్లాది ప్రాణులున్నవని ఆ తల్లులకు తెలియదు. కాని ఒక ధర్మం మాత్రం వారికి బాగుగా తెలుసు. ఎవరి ఇంట పెరుగైనా ఒకనాడు జిగటవారి చెడిపోవును. నాడు వారు దాచుకొనరు, సిగ్గుపడరు. ‘మా తోడు చెడిపోయింది, కాస్త పెట్టండి’ అని పొరుగింటికి వెళ్లుదురు. చెడిపోయిందని చెప్పుకొనుటకు ఒక ఇల్లు ఉండుటయే ఆ వీధి సంపద.

1981వ సంవత్సరంలో పట్టా పుచ్చుకొని మేము నగరం పొలిమేరలోని ఒక మందుల కర్మాగారంలో చేరినాము. సూత్రం మాటకు వస్తే అక్కడ చేసేదీ మా అమ్మ చేసిన పనే. గాజునాళికలో నిద్రపుచ్చి ఉంచిన జీవిని ముందుగా ఫ్లాస్కులో మేల్కొల్పుతారు. అది పెరిగిన పిదప సీడ్ ట్యాంకులో పోస్తారు. అక్కడ బలిసిన తరువాత పెద్ద ఫెర్మెంటర్‌లోకి పంపుతారు. ఫెర్మెంటర్ అనగా మూడంతస్తుల మేడంత ఎత్తైన స్టీలు కుండ. పాలకు బదులు చక్కెర, సోయాపిండి, లవణాలు. పొయ్యి సెగకు బదులు ఆవిరి, వడగట్టిన గాలి, చల్లనినీటి గొట్టాలు. మేము పెంచినది స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందినది. చూపునకు బూజువలె దారపుపోగులుగా ఉన్నను అది నిజమునకు ఒక బాక్టీరియా. ఐదారు రోజులు రాత్రింబవళ్లు కాపుకాస్తే అది ఊరించే రసంలోనుండి యాంటీబయాటిక్ మందు లభిస్తుంది. నడుమ ఒక్క పరాయిజీవి చొరబడినదా, చక్కెర అంతయు అదియే భోంచేసి కూర్చుంటుంది. వేల లీటర్ల సరుకు కాలువపాలు కావలసిందే.

మా షిఫ్టులో వృద్ధుడైన ఆపరేటరు ఒకరుండేవారు. అందరును ఆయనను చాచా అని పిలిచేవారు. ఏడవ తరగతి దాటి చదవలేదు. కాని ట్యాంకు నుండి వెలుపలికి వచ్చే గాలిగొట్టం దగ్గర ఒక్క క్షణం నిలబడి, వాసన చూచి, లోపలి సంగతి చెప్పగలవారు. స్ట్రెప్టోమైసిస్ బాగుగా పెరిగితే తొలకరికి తడిసిన మట్టివాసన వస్తుంది. ఆ వాసన ఉన్నంతవరకు చాచా బీడీ ముట్టించుకొనుటకు గేటు అవతలికి నిశ్చింతగా వెళ్లేవారు.

1984 శీతకాలంలో ఒక రాత్రి ఆయన మా బల్ల దగ్గరకు వచ్చి, “బేటా, మట్టివాసన పోయింది. పులిసిన వాసన వస్తున్నది. ఈ విత్తనాన్ని పెద్ద ట్యాంకులోకి పోనీయవద్దు” అన్నారు. మేము నమూనా తీసి మైక్రోస్కోపు కింద చూచినాము. దారపుపోగుల నడుమ పొట్టికడ్డీలవంటి జీవులు చేపపిల్లలవలె ఈదులాడుతున్నవి. సందేహానికి తావులేదు. పై అధికారికి ఫోనులో విన్నవించినాము. “తెల్లవారేసరికి పెద్ద ట్యాంకు నిండవలెను. నెల లెక్క తప్పితే సమాధానం చెప్పేది నేను, నువ్వు కాదు. పంపించు” అన్నారాయన. మేము పంపించినాము.

మూడవనాటికి 30,000 లీటర్ల సరుకును ఆవిరితో చంపి కాలువలోకి వదిలివేసినారు. నివేదికలో కారణాలు రెండు వ్రాసినారు: విద్యుత్ అంతరాయం వలన గాలి నిలిచినది, ఆపరేటరు ఆవిరి కవాటాన్ని సరిగా మూయలేదు. మేము చూచిన నమూనా ప్రస్తావన అందులో లేదు. ఆ కాగితం మా ముందు పెట్టి సంతకం చేయమన్నారు. మేము చేసినాము. ఆ ఏడాది చాచాకు జీతం పెరగలేదు. ఆయన మాతో ఆ విషయం ఎత్తలేదు. మునుపటివలెనే రాత్రివేళ చాయ్ పంచుకొనేవారు. మాకు మాత్రం ఆ చాయ్ గొంతు దిగేది కాదు.

ఆ దినాలలో మనసు నిలకడలేక, సెలవునాడు నగరంలోని ఒక పరిశోధనాలయపు గ్రంథాలయానికి పోయి కూర్చునేవారము. అక్కడ ఒక అలమరలో ‘డెవలప్‌మెంట్స్ ఇన్ ఇండస్ట్రియల్ మైక్రోబయాలజీ’ అనే సంపుటాలు కనిపించినవి. అమెరికాలోని ‘సొసైటీ ఫర్ ఇండస్ట్రియల్ మైక్రోబయాలజీ’, అనగా పారిశ్రామిక సూక్ష్మజీవశాస్త్రజ్ఞుల సంఘం, 1960 నుండి ప్రకటించినవి అవి. మమ్ము ఆశ్చర్యపరచినది అందులోని విజ్ఞానం కన్న ముందుగా రచయితల చిరునామాలు. విశ్వవిద్యాలయ ఆచార్యుని ప్రక్కనే కర్మాగారపు ఉద్యోగి, ఆయన ప్రక్కనే ప్రభుత్వ ప్రయోగశాలవారు, ఎవరి పేరుతో వారు వ్రాసినారు. కర్మాగారంలో పనిచేసేవానికి యజమాని కాక, తన మాటను తూచిచూచే తోటివారు మరికొందరు ఉండవచ్చునన్న సంగతి మాకు అంతవరకు తోచనేలేదు.

ఆ సంఘం 1949లో పుట్టినది. స్థాపకులలో ఒకరు ఛార్లెస్ థామ్. పెనిసీలియం బూజుల జాతులను గుర్తించుటలో ఆ కాలాన ఆయనను మించినవారు లేరు. ఫ్లెమింగ్ దొర లండనులో చూచిన బూజుకు ఆ రోజులలో జాతి పేరు నిర్ణయించినది ఆయనే. జున్నుకు రుచినిచ్చే బూజులను గురించి ఆయన పరిశోధన ఆరంభించినది ఇరవయ్యవ శతాబ్ది తొలి ఏళ్లలోనే. తోడుతో మొదలైన శాస్త్రజ్ఞుడే అన్నమాట! నేటికిని ఆ సంఘం ఆయన పేరిట ఒక పురస్కారం ఇస్తున్నది.

1941 జులైలో, యుద్ధకాలంలో, ఆక్స్‌ఫర్డు నుండి ఫ్లోరీ, హీట్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెనిసిలిన్ బూజును వెంటబెట్టుకొని అమెరికాకు వచ్చినారు. ఇంగ్లండులో బాంబుల నడుమ దానిని పెద్ద ఎత్తున తయారుచేసే అవకాశం లేకపోయినది. వారు థామ్‌ను కలిసినారు. ఆయన చూపిన దారిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా పట్టణంలో ఉన్న ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలకు చేరినారు. అక్కడ మొక్కజొన్నలను నానబెట్టగా మిగిలే చిక్కటి ద్రవం గుట్టలుగా పడి ఉండేది. దానిని బూజుకు ఆహారంగా పోయగా దిగుబడి పది రెట్లకు పైగా పెరిగినది. 1943లో అదే ఊరి బజారులో దొరికిన కుళ్లిన ఖర్బూజా మీద మరింత మేలైన బూజు లభించినది. దానిని అమెరికాలోని ఇతర ప్రయోగశాలలకు పంపినారు. ఒకచోట ఎక్స్‌కిరణాలతో, మరొకచోట అతినీలలోహిత కిరణాలతో దాని సంతతిని మార్చి మేలుజాతులు తీసినారు. 1944 మార్చిలో బ్రూక్లిన్‌లో ఫైజర్ కంపెనీవారి పెద్దట్యాంకులు పని ప్రారంభించినవి. జూన్‌లో నార్మండీ తీరాన దిగిన సైనికుల వెంట పెనిసిలిన్ ఉన్నది. నాడు లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు దొరికితే గొప్ప. నేడు లీటరుకు సుమారు 50 గ్రాములు తీస్తున్నారు. ఇంతటి కార్యం ఏ ఒక్క ఇంటిలోనూ జరుగలేదు. తోడు చేతులు మారుతూ పోయినది కనుకనే జరిగినది.

అయితే ఈ కథకు రెండవ ముఖం కూడ ఉన్నది. పియోరియాలో హీట్లీతో కలిసి పనిచేసిన మోయర్ అనే శాస్త్రజ్ఞుడు, ఉమ్మడిగా సాధించిన ఫలితాలను హీట్లీ పేరు లేకుండ ప్రకటించినాడు; పెనిసిలిన్ తయారీ పద్ధతులపై పేటెంట్లు కూడ తీసుకున్నాడు. హీట్లీ చేసిన సేవను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ వైద్యపట్టాతో గుర్తించినది 1990లో, దాదాపు అర్ధశతాబ్ది గడచిన తరువాత. కాగితం మీదనుండి ఒక మనిషి పేరు తీసివేయుట ఎంత తేలికయో, తిరిగి వ్రాయుట ఎంత కష్టమో ఇది చదివినప్పుడు మాకు అర్థమైనది. ఆ క్షణాన మా కండ్లముందు మెదిలినది హీట్లీ కాదు, చాచా.

మరొక ఉదంతం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పేలుడు పదార్థాలకై అసిటోన్ కావలసివచ్చి, దానిని బాక్టీరియాతో తయారుచేసే పద్ధతిని వైజ్‌మన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. యుద్ధానంతరం ఇండియానా రాష్ట్రంలోని టెర్ర హోట్ పట్టణంలో ఆ పద్ధతితో పెద్ద కర్మాగారం నడిచినది. 1923లో అక్కడ ట్యాంకులు ఒకదాని వెనుక ఒకటి మందగించి, దిగుబడి ఘోరంగా పడిపోయినది. కారణం బాక్టీరియాను నాశనం చేసే ఫేజి అనే వైరసు అని పిదప తేలినది. అంతటి చిన్న ప్రాణి అంతటి కర్మాగారాన్ని కూలదోయగలదన్న పాఠం నేడు ఈ వృత్తిలోని ప్రతివానికీ తెలుసు. ఎందుచేత? చెడిపోయినదని ఒప్పుకొని, ఎందుకు చెడిపోయినదో వెదకి, వెలికి చెప్పినవారు ఉన్నందుచేత.

తెలుగువారికి ఈ రంగంతో గల బంధుత్వం కూడ ఇచ్చట చెప్పదగినది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలోనే, అక్కడ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుండి ఆరియోమైసిన్ మందును కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదియే పెద్దబిడ్డ. 1948లో ఆ మందు లోకానికి వెల్లడి అయినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. మరుసటి ఏటనే ఈ సంఘం పుట్టినది. 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రజ్ఞుడు, మురుగునీటిని శుద్ధిచేసేచోట దొరికిన ఒక శిలీంధ్రానికి ‘సుబ్బరోమైసిస్’ అని నామకరణం చేసినారు. కీర్తికి ఆశపడని ఆ మహనీయుని పేరు మురుగులో పెరిగే బూజుకు అబ్బినదేమని నొచ్చుకొనవలదు. మా వృత్తిలో అంతకు మించిన గౌరవం లేదు.

పాఠకులు ఒక సందేహం అడుగవచ్చును: కంపెనీలు తమ రహస్యాలను ఇటువంటి సంఘాలలో పంచిపెట్టునా? పెట్టవు. ఏ కంపెనీయు తన మేలుజాతి బీజాన్ని, తన వంటకపు కొలతలను సభలో విప్పిచెప్పదు. ఏండ్ల తరబడి ధనం వెచ్చించినవారు దానిని కాపాడుకొనుట న్యాయమే. కాని రహస్యం వేరు, అబద్ధం వేరు. “ఇది చెప్పజాలను” అనుట రహస్యం. “కరెంటు పోయినది” అని లేనిది వ్రాయుట అబద్ధం. రహస్యం దాచుకొనుటకు కర్మాగారానికి ప్రహరీగోడ చాలును. అబద్ధం ఆడకుండుటకు మాత్రం మనిషికి గోడ అవతల తోటివారు కావలెను. కొలత ఎట్లు తీసినావు, నీవు చూచినది మరొకడు చూడగలడా అని అడిగేవారు కావలెను. వృత్తిసంఘం పని అదేనని మాకు తోచినది. సభలు, సంపుటాలు, పురస్కారాలు దానికి సాధనాలు మాత్రమే.

ఈ తెలివి మాకు కలిగిన తరువాత పరీక్ష వచ్చుటకు ఎంతోకాలం పట్టలేదు. 1987లో అదే సీడ్ ట్యాంకులో మరల పులిసిన వాసన వచ్చినది. మరల పొట్టికడ్డీలు ఈదినవి. మరల అదే మాట ఫోనులో వినిపించినది. ఈసారి మేము నమూనా సంఖ్య, తీసిన సమయం, చూచిన ఆకారం పుస్తకంలో వ్రాసి, కింద మా పేరు, వాసన పట్టిన చాచా పేరు వ్రాసినాము. మందలింపు కాగితం ఒకటి అందినది. కాని పుస్తకంలో ఎక్కిన మాటను తీసివేయుటకు ఎవరికీ ధైర్యం చాలలేదు. ట్యాంకును విప్పక తప్పలేదు. చల్లనినీటి కాయిల్‌లో ఒత్తిడితో గాలి నింపి, పైన సబ్బునీరు పూయగా, ఒక అతుకు దగ్గర సన్నని బుడగ లేచినది. సూదిమొనంత రంధ్రం! ఆ దారిన కూలింగ్ నీరు, నీటితో బాక్టీరియా లోపలికి చేరుతున్నవి. ఆ రంధ్రం ఎన్నేండ్లనాటిదో, నడుమ ఎన్ని బ్యాచ్‌లను బలిగొన్నదో లెక్క తేలలేదు. ప్రతిసారీ కరెంటు మీదనో, ఒక పేద ఆపరేటరు చేతి మీదనో నింద వేసి ఊరుకున్నందున, రంధ్రాన్ని వెదకుటకు కారణమే లేకపోయినది. అబద్ధం నీతికే కాదు, ఇనుముకూ చేటు చేసినది.

చాచా పదవీవిరమణ చేసిన తరువాత, 1991లో, ఒక సాయంకాలం ఆయన ఇల్లు వెదుక్కుంటూ వెళ్లినాము. 1984 నాటి సంతకం సంగతి మా నోటితో చెప్పి క్షమించమన్నాము. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, “బేటా, వాసన చూచింది నేను. కంటితో చూచింది నువ్వు. ఇద్దరమూ నోటితో చెప్పినాము. కాగితం ఒక్కటే చెప్పలేదు. తరువాత చెప్పించావు గదా, చాయ్ తాగు” అన్నారు. ఆ చాయ్ గొంతు దిగినది. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఏడు ఆయనకు రాని జీతపు పెంపు మాత్రం తిరిగి రాలేదు. అది మా ఖాతాలో బాకీగానే ఉన్నది.

ఆ అమెరికా సంఘంలో మేము ఎన్నడూ సభ్యులము కాము. దాని పేరులో తరువాత బయోటెక్నాలజీ అనే మాట కూడ చేరినది. 1986 నుండి దాని పరిశోధనా పత్రిక వెలువడుతున్నది. మన దేశంలో అంతకన్న పెద్దదే ఉన్నది: భారత సూక్ష్మజీవశాస్త్రజ్ఞుల సంఘం 1938లోనే ఏర్పడినది. పింప్రీలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారంలో 1955లో పెనిసిలిన్ ఉత్పత్తి ఆరంభమగుటకు పదునేడేళ్ల ముందుమాట అది. సూక్ష్మజీవశాస్త్రం చదివే మన విద్యార్థులు పట్టా చేతికి రాకముందే అటువంటి సంఘంతో సంబంధం పెట్టుకొనవలెనని మా కోరిక. ఉద్యోగం యజమాని ఇచ్చును. వృత్తిని మాత్రం తోటివారే ఇవ్వగలరు.

మరొక చిన్న కోరిక. మన కళాశాల ప్రయోగశాలలో ఫలించిన ప్రయోగాలకు రికార్డు పుస్తకాలున్నవి. చెడిపోయిన ప్రయోగాలకు కూడ ఒక పుస్తకం పెట్టుడు. ఉర్దూలో వ్రాసేవారు ఉర్దూలో, తెలుగులో వ్రాసేవారు తెలుగులో వ్రాయుడు. ఏ తేదీన, ఎవరి చేతిలో, ఏది, ఎట్లు చెడినది; మొట్టమొదట ఎవరు గుర్తించినారు. గుర్తించినవారు ఆచార్యులైనా, గాజుసామాను కడిగే అటెండరైనా, వారి పేరు వ్రాయుడు. మొదటి పుటకు మా 1984 నాటి కథను పంపుటకు మేము సిద్ధముగా ఉన్నాము.